దేశాలు లెక్కపెట్టి అమ్మాను

నారాయణఖేడ్ బస్ డిపో నుంచి అంగడికి పోయే దారిలో, ఎరువుల దుకాణం పక్కన, పదకొండేళ్లు నా టూర్ల ఆఫీసు నడిచింది. ఆఫీసు అంటే ఒక బల్ల, ఆరు కుర్చీలు, గోడకు ఒక ప్రపంచ పటం, అంతే. దానికి ముందు ఇరవై రెండేళ్లు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో టూర్ మేనేజర్‌గా పనిచేశాను. పేరు వినడానికి పెద్ద ఉద్యోగంలా ఉంటుంది. నిజానికి గుంపుకు ముందు నడిచేదీ మనమే, వెనకబడ్డవాళ్ల కోసం తిరిగి పరిగెత్తేదీ మనమే, ఎవరి మాత్రల డబ్బా ఏ హోటల్లో మిగిలిపోయిందో గుర్తుపెట్టుకునేదీ మనమే.

మోకాళ్లు మొరాయించాక ఆఫీసును లావణ్యకు అప్పగించాను. మా ఊరి పిల్లే. జహీరాబాద్‌లో టికెట్లు బుక్ చేసే చోట మూడేళ్లు పనిచేసి వచ్చింది. తాళం చేతికి తీసుకున్న రోజే అడిగింది.

"కాకా, గిరాకీ వచ్చినప్పుడు ఏమేం అడగాల్నో ఒక కాయితం మీద రాసియ్యి. గోడకు అతికించుకుంట."

రాయడానికి కూర్చున్నాను. నాలుగు ప్రశ్నలు రాసేసరికి విసుగొచ్చింది. ప్రశ్న ఎందుకు అడగాలో తెలియకుండా అడిగితే జవాబు చెవికి ఎక్కదు. అందుకే కాగితం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. వీసా ఫారాలు నింపడం, టికెట్లు తీయడం ఎవరైనా నేర్పుతారు, అవి ఇందులో ఉండవు. నేను చేసిన తప్పులు మాత్రం నేనే చెప్పాలి.

అందరూ అడిగే ప్రశ్న

మా దగ్గర టూరు ఎంచుకోవడానికి ఒక్కరు రారు, ఆరుగురు వస్తారు. ఆరుగురిలో మాట్లాడేది ఒక్కరే. మార్కెట్ యార్డులో అడ్తి నడిపే ఆయనో, రిటైరైన పంతులో గుంపుకు పెద్దగా ఉంటాడు. ఆయన సరే అంటే బామ్మర్ది సరే, వియ్యంకుడు సరే, పక్క చేనువాళ్లు సరే. వారం తిరిగేలోగా ముప్పై మంది తయారు. ఆ ముప్పై మందిలో ఎవరికి ఏం చూడాలని ఉందో బల్ల దగ్గర ఎవరూ అడగరు. అడగలేదని వాళ్లూ అనుకోరు.

ఆ పెద్దమనిషి కుర్చీలో సర్దుకోగానే అనే మొదటి మాట, "ఎన్ని దేశాలు తిప్పుతవ్?"

ఏ దేశాలు అని కాదు, అక్కడ ఏముంది అని కాదు, ఎన్ని అని. దీనికి వాళ్లను తప్పుపట్టను. తిరిగి వచ్చాక అంగడిలో ఎదురైన ప్రతి మనిషీ అదే అడుగుతాడు. రెండు అంటే "గంతేనా" అంటాడు. అయిదు అంటే నోరు తెరుస్తాడు. పాస్‌పోర్టులో ముద్రలు ఎన్ని పడితే అంత లోకం చూసినట్టు లెక్క. సిర్గాపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ముద్ర మసకగా పడిందని కౌంటర్ దగ్గరికి తిరిగిపోయి, "ఇంకోటి గట్టిగ కొట్టు సార్" అని తెలుగులోనే గదమాయించాడు. ఆ అధికారికి ఏం అర్థమైందో గానీ నవ్వి, మళ్లీ కొట్టాడు. అటువంటి అధికారులు అన్నిచోట్లా దొరకరు.

సేఠ్ నేర్పినవి

హైదరాబాద్‌లో మా యజమానిని సేఠ్ అనేవాళ్లం. మొదటి టూరులోనే ఆయన చేత తిట్లు తిన్నాను. దారిలో బస్సు ఆపినచోట అందరూ ఎక్కాక, "అందరు వచ్చిండ్రా?" అని అడిగాను. "వచ్చినం" అని ముప్పై గొంతులు ఒక్కసారే పలికాయి. బస్సు కదిలింది. పావుగంట తరువాత ఒకామె నిద్ర లేచి పక్క సీటు తడుముకొని కేక వేసింది. భర్త ఇంకా బాత్రూంలోనే ఉన్నాడు.

తిరిగి వచ్చాక సేఠ్ అన్నాడు, "రానోడు నేను రాలే అని ఎట్ల చెప్తడురా? అడగకు. ఒక్కొక్క మొఖం చూసుకుంట లెక్కపెట్టు."

ఆ మాట ఇప్పటికీ బంగారం. ఆ తరువాత నా చేతిలో ఒక్క మనిషీ తప్పిపోలేదు.

ఆయన నేర్పిన రెండో మాట, "దేశాలు పెంచు, రోజులు పెంచకు." ఈ రెండో మాటను కూడా మొదటి దానంత శ్రద్ధగానే పాటించాను. ఒక మంచి మాట చెప్పిన మనిషి చెప్పేవన్నీ మంచివే అనుకోవడం చిన్న వయసులో వచ్చే జబ్బు. నాకు అది యాభై దాటినా తగ్గలేదు. మా ఊళ్లో సొంత ఆఫీసు పెట్టుకున్నాక సేఠ్ మీద నెట్టడానికి కూడా లేదు. బల్ల నాది, పటం నాది, "అయిదు దేశాలు, తొమ్మిది రోజులు" అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆఫీసు తలుపు అద్దానికి అతికించింది నేనే.

తెల్ల మేడ ఏ దేశంలో ఉంది

ఆ అయిదు దేశాల టూరుకు పోయివచ్చిన నర్సింలు అనే అడ్తి వ్యాపారి ఒకరోజు భార్య సుశీలను వెంటబెట్టుకొని ఆఫీసుకు వచ్చాడు. ఇద్దరి ముఖాలూ ధుమధుమలాడుతున్నాయి. ఫోను నా ముందు పెట్టాడు. ఫొటోలో ఒక తెల్ల మేడ, దాని ముందు ఇద్దరూ ఎండకు కళ్లు చికిలించి నిలబడ్డారు.

"ఇది ఏ దేశమో జెర చెప్పు విఠల్. నేను ఒకటి అంటున్న, ఈమె ఇంకోటి అంటున్నది. మూడు దినాల సంది ఇదే లొల్లి."

"నాకు యాదికున్నది," అంది సుశీల. "అక్కడ బాత్రూమ్‌కు శాన దూరం నడిచినం. గది రెండో దేశం."

"బాత్రూమ్ దూరమైంది నాలుగో దేశంల!"

నేను చూశాను. చెప్పలేకపోయాను. నిజంగానే తెలియలేదు. అయిదు రాజధానుల్లో అటువంటి మేడలు పది ఉంటాయి. ప్రతిదాని ముందూ ఇరవై నిమిషాలు బస్సు ఆపి, ఫొటో దిగమని తోలాను. తొమ్మిది రోజుల్లో వాళ్లకు మిగిలింది బాత్రూముల దూరం. ఆ రోజు ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్వి ఊరుకున్నాను కూడా. అద్దం మీది కాగితం తీయలేదు.

టూరు కాగితం ఎట్లా చదవాలి

గుంపులో ఒక్కరు పైకి చదువుతారు, మిగతావాళ్లు తల ఊపుతారు. తల ఊపేవాళ్ల చేతికి కూడా కాగితం ఇవ్వు లావణ్యా. అందులోని మాటలు విడమరిచి చెప్పు. "చూస్తాం" అని ఉంటే లోపలికి పోతారు. "బయటి నుంచి చూస్తాం" అంటే రోడ్డు మీద నిలబడతారు. "దారిలో చూస్తాం" అంటే బస్సు కిటికీలోంచి, అదీ సరైన పక్క సీటు దొరికితే. "పొట్లంలో టిఫిన్" అని ఉందంటే హోటల్లో వంట మొదలుకాకముందే బయలుదేరదీస్తారని అర్థం. రెండు ఊళ్ల మధ్య ఎన్ని గంటలు బస్సు అని అడగకపోతే ఎవరూ చెప్పరు.

జొన్నరొట్టెలు ఎండబెట్టి మూటకట్టుకొని వస్తారు మనవాళ్లు. రానీ. పచ్చళ్లు, పచ్చికూరగాయలు మాత్రం ఆ దేశంలోకి రానిస్తారో లేదో ముందే కనుక్కో. తనిఖీ దగ్గర నిమ్మకాయ పచ్చడి డబ్బా చెత్తబుట్టలో పడితే, అది పెట్టి పంపిన అత్త నిన్ను జన్మలో క్షమించదు.

ఇటువంటివి నేను చాలావరకు బాగానే చూసుకునేవాణ్ని. చూసుకోనిది ఇప్పుడు చెబుతాను.

బసమ్మక్క

బసమ్మక్కది మనూర్ అవతల చిన్న ఊరు. కంది, జొన్న పండించే లింగాయత్ కుటుంబం. అరవై అయిదు దాటింది. పెరట్లో పండిన కూరగాయలు నారాయణఖేడ్ అంగడిలో గోనెసంచి పరిచి ముప్పై ఏళ్లు తానే అమ్ముకుంది. భర్తకు విమానమంటే భయం. అందుకని మరదలు శాంతమ్మను వెంటబెట్టుకొని ఆఫీసుకు వచ్చింది. ఆమె ఎన్ని దేశాలు అని అడగలేదు. మనవరాలి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. కాలువ నిండా పడవలు, పడవల్లో కూరగాయలు, పండ్లు అమ్ముతున్న ఆడవాళ్లు.

"ఏంది విఠలూ, గీ నీళ్ల మీది అంగడి నిజమేనా?"

"నిజమే అక్కా. థాయ్‌లాండ్‌ల ఉన్నది."

"పడవ ఊగుతుంటె తక్కెడ ఎట్ల నిల్తది? గది చూడాలె నేను. మిగతావి మీరు ఏం చూసినా నాకు సరే."

ఇంత తేటగా ఏం కావాలో చెప్పిన గిరాకీ నా జీవితంలో మరొకరు లేరు. నేనేం చేశాను? అప్పటికే ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ పెద్దరికంలో థాయ్‌లాండ్, మలేషియా, సింగపూర్‌లకు ఏడు రోజుల గుంపు తయారై ఉంది. రెండు సీట్లు మిగిలాయి. అందులో వేశాను. ఆ టూరులో నీళ్ల మీది అంగడి ఉంది, "బయటి నుంచి" అని. వంతెన మీద నిలబడి పావుగంట చూడటం. కాగితంలో ఆ మాట ఆమెకు చదివి వినిపించలేదు.

ఇంకొకటి కూడా చేయలేదు. దరఖాస్తులో తిండి దగ్గర "శాకాహారం" అని రాసుకున్నాను, బీపీ మాత్రల పేరు రాసుకున్నాను. మెడలో ఏముందో అడగలేదు. లింగాయత్‌లు దీక్ష తీసుకున్నాక ఇష్టలింగాన్ని ఒంటి నుంచి వేరు చేయరు. లింగకాయ అనే చిన్న వెండి భరిణెలో పెట్టి మెడలో కట్టుకుంటారు. పొద్దున స్నానం చేసి, అరచేతిలో పెట్టుకొని పూజ చేశాకే నోట్లో ఏదైనా వేసుకుంటారు. ఈ కాలంలో అందరూ అంత కట్టుగా ఉండరు. బసమ్మక్క ఉంటుంది.

ఇది నాకు తెలియని సంగతి కాదు. నాలుగో తరగతిలో నా పక్కన కూర్చున్న లింగాయత్ పిల్లవాడు వాగులో మునిగేటప్పుడు కూడా ఒక చేత్తో లింగకాయను పట్టుకొనే మునిగేవాడు. ఢిల్లీ నుంచి వచ్చిన టూర్ మేనేజర్‌కు తెలియకపోతే తెలియలేదు అనొచ్చు. ఇదే మట్టిలో పెరిగిన నాకు ఆ సాకు లేదు.

బ్యాంకాక్‌లో రెండు నిమిషాలు

హైదరాబాద్ విమానాశ్రయంలో ఏ ఇబ్బందీ రాలేదు. మన దగ్గర ఆడవాళ్లను తెర వెనక ఆడ కానిస్టేబుల్ తనిఖీ చేస్తుంది. ఆమె లింగకాయను చూడగానే గుర్తుపట్టి పంపేసింది. నేను దాని గురించి మరి ఆలోచించలేదు.

బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్ పోయే రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కొని ఆలస్యమైంది. తనిఖీ దగ్గర అక్కడ ఆడ, మగ అందరూ ఒకే ద్వారంలోంచి నడవాలి. బసమ్మక్క నడవగానే అది కూతపెట్టింది. అధికారి మెడలో ఉన్నదాన్ని తీసి ట్రేలో పెట్టమని సైగ చేశాడు. ఆమె కొంగు మీదుగా ఛాతీకి చేయి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. వెనక వరస ఆగింది. హెడ్‌మాస్టర్ గడియారం చూసుకుంటున్నాడు. ఎవరో "జల్దీ కానియ్యిండ్రి" అన్నారు. నేను అప్పటికే ద్వారం దాటి అవతల ఉన్నాను. గేటు మూసేందుకు ఇరవై నిమిషాలు కూడా లేవు. అక్కడి నుంచే కేక వేశాను.

"అక్కా, తీసి పెట్టు. రెండే నిమిషాలు. ఇది మన దేశం కాదు, వీళ్లకు చెప్తె సమజ్ కాదు."

ఆమె నా వైపు చూసింది. తరువాత వెనక్కి తిరిగి వరసను చూసింది. గోడవైపు తిరిగి, దారం విప్పి, లింగకాయను చేతిరుమాలులో చుట్టి ట్రేలో పెట్టింది. ట్రే లోపలికి పోయి అవతల వచ్చేదాకా ఊపిరి పీల్చినట్టు కూడా లేదు. రాగానే తీసుకొని కట్టుకుంది. ముడి పడకపోతే శాంతమ్మ కట్టింది. నేను ముఖాలు లెక్కపెట్టుకొని, అందరూ వచ్చారని చూసుకొని, గేటు వైపు నడిచాను. విమానం అందింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

వంతెన దగ్గర

కౌలాలంపూర్‌లో రెండు రోజులు. భోజనాల దగ్గర ఆమెను చూశాను, పలకరించాను. "ఆకలి లేదు" అంది. నీళ్లు పడక కావచ్చు అనుకున్నాను. తలలు లెక్కపెట్టే మనిషిని నేను, కంచాలు చూడలేదు.

మూడో రోజు బస్సులో సింగపూర్ బయలుదేరాం. సరిహద్దు దగ్గర సూట్‌కేసులతో దిగి, పొడుగాటి దారులు నడిచి, ముద్ర వేయించుకొని, మళ్లీ బస్సెక్కి వంతెన దాటాలి. మలేషియా వైపు తనిఖీ భవనంలో నడుస్తూ నడుస్తూ బసమ్మక్క గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చుంది. ముఖం తెల్లగా పాలిపోయింది. నేను పరిగెత్తి వెళ్లేసరికి శాంతమ్మ నా మీద విరుచుకుపడింది.

"నీకు కండ్లు లేవా విఠల్? గా విమానం కాడి సంది నీళ్లు తప్ప ఏం ముట్టలే మా వదిన. ఉత్త కడుపుల బీపీ గోలీ ఏసుకుంటున్నది. ఒంటి మీది లింగం తీసినంక, గురువు మళ్ల కట్టేదాక ఎట్ల తింటది?"

ఆమె అక్కడే పోతే? ఈ మాట దాచకుండా రాస్తున్నాను. ముందు నాకు కలిగింది జాలి కాదు, భయం. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక మనిషి ప్రాణం నా చేతిలోంచి పోతుందేమోనన్న భయం.

"దవాఖానకు పోదం అక్కా," అన్నాను.

"దవాఖాన వద్దు. లేస్త, నడుస్త. అవతలికి పోయినంక అయ్యగారికి ఫోన్ కలుపుండ్రి."

అయ్యగారంటే ఆమెకు దీక్ష ఇచ్చిన మఠం పెద్ద. వంతెన దాటి, సింగపూర్ తనిఖీ ముగించుకొని బస్సెక్కాక శాంతమ్మ వీడియో కాల్ కలిపింది. నేను ముందు సీటులో కూర్చున్నాను, ప్రతి మాటా వినిపిస్తోంది.

"ఎవరు తీయించిండ్రు?" అని అడిగాడు ఆయన.

బసమ్మక్క ఆలోచించలేదు. "నేనే తీసిన," అంది.

ఆయన గొంతు పెంచాడు. "అయితే ఇప్పుడు పాణం తీసుకుంటవా? గట్ల చెయ్యమని ఎవరు చెప్పిండ్రు నీకు? పాలు తాగు, పండు తిను. ఇంటికొచ్చినంక మఠానికి రా, మిగతాది నేను చూస్త."

బస్సు ఆపించి పాలు, అరటిపండ్లు తెచ్చాను. ఆమె అరటిపండు ఒలుచుకుంటుంటే నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. సింగపూర్‌లో ఆ రెండు రోజులు ఏం చూపించానో నాకే గుర్తులేదు. తిరుగు ప్రయాణం రోజు మాత్రం ఆమెకంటే ముందే తనిఖీ దగ్గరికి వెళ్లి, ఒక మహిళా అధికారిని వెతికి పట్టుకొని, సంగతి చెప్పాను. ఆమె బసమ్మక్కను పక్కకు పిలిచి, చేతి యంత్రంతో చూసి, ఏమీ తీయించకుండా పంపింది. నాకు పట్టింది ఒక్క నిమిషం.

ఆమె చెప్పిన మాట

పదిహేను రోజులకు షేర్ ఆటో ఎక్కి మనూర్ దాటి వాళ్ల ఊరు వెళ్లాను. మఠంలో అయ్యగారు పూజ చేయించి, లింగాన్ని మళ్లీ తన చేతులతో కట్టారట. ఆమె వాకిట్లో కూర్చొని కందులు చెరుగుతోంది. మనిషి తేరుకుంది.

"తప్పయింది అక్కా," అన్నాను. "నేను గట్ల చెప్పొద్దుండె."

చేట పక్కన పెట్టింది. "నువ్వు చెప్పినవని తీసిననుకుంటున్నవా? నువ్వెవరు నాకు చెప్పనీకి? నా ఎన్క ముప్పై మంది నిలబడ్డరు. నా ఒక్కదాని కోసం గింతమంది పరేషాన్ ఎందుకు గావాలె అని తీసిన."

నాకు కొంచెం తేలికైంది. అంతలోనే ఆమె మళ్లీ అంది.

"ఎన్కకు తిరిగి చూసిన, యాదికున్నదా? ఒక్కలన్న 'పోతే పోనీ విమానం, ఆమెను ఆగనియ్యిండ్రి' అంటరేమో అని చూసిన. ముందుగాల నీ మొఖమే చూసిన."

ఆమె కోపంగా అనలేదు. బజారులో వంకాయ పుచ్చిందని చెప్పినట్టు చెప్పింది. చాయ్ ఇచ్చింది, తాగాను. వచ్చేటప్పుడు ఆటోలో కూర్చొని ఏడ్చాను. ఇన్నేళ్ల పనిలో నాకు ఎందరో నేర్పారు. ఇంత స్పష్టంగా ఎవరూ నేర్పలేదు. మనం అమ్మేది దేశాలు కాదు. ఎవరికీ భాష తెలియని చోట, మన గిరాకీ తరఫున ఒక్క మాట మాట్లాడే మనిషిని అమ్ముతున్నాం. ఆ మనిషి ఆ రోజు బ్యాంకాక్‌లో లేడు. విమానం అందితే చాలనుకునే ఒక గుమాస్తా ఉన్నాడు.

మరునాడు అద్దం మీది కాగితం చింపేశాను. దరఖాస్తులో కొత్త గళ్లు గీశాను. ఒంటి మీది నుంచి తీయకూడనిది ఏముంది? పొద్దున తినేముందు ఏం చేయాలి, ఎంతసేపు పడుతుంది? ఈ టూరులో మీరు తప్పకుండా చూడాల్సింది ఒక్కటి ఏది? ఇవి పెద్దమనిషిని కాదు, ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. అడిగితే ఎన్ని బయటపడ్డాయో! కాలికి రాగి కడియం ఉన్న ఆయన, తలపాగా తీయననే ఆయన, తల్లి ఇచ్చిన తాయెత్తు బొడ్లో దోపుకున్న ఒకామె. పదేళ్లుగా వాళ్లంతా నా ముందు నుంచే నడిచి పోయారు.

టూరు ఎంచుకునేటప్పుడు దేశాలతో పాటు ఒంటి తనిఖీలు కూడా లెక్కపెట్టించడం మొదలుపెట్టాను. విమానం మారిన ప్రతిచోటా ఒకటి. పక్కపక్క దేశాలను రోడ్డు మీద కలిపితే అవి తగ్గుతాయి. రెండు దేశాలు రోడ్డు మీద చూడటం, అయిదు దేశాలు గాల్లో ఎగరడం కంటే మేలని అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు.

రెండోసారి

ఏడాది తరువాత బసమ్మక్క తానే ఆఫీసుకు వచ్చింది. వెనక శాంతమ్మ మూతి ముడుచుకొని నిలబడింది.

"వంతెన మీదికెళ్లి అంగడి చూసుడేంది విఠలూ? నాకు తక్కెడ కనబడలే. పడవల కూసోబెట్టే టూరు ఉన్నదా?"

"మళ్ల పోతవా అక్కా?"

"ఎందుకు పోవద్దు? పోయినసారి నేను ఏం అడగలే, నువ్వు ఏం చెప్పలే. గీసారి అడుగుత. పటం తీయి."

గంటన్నర కూర్చుంది. ఎక్కడ విమానం, ఎక్కడ బస్సు, పొద్దున ఎన్ని గంటలకు లేపుతారు, స్నానానికి నీళ్లు వేడిగా వస్తాయా, తనిఖీ చేసేది ఆడమనిషా మగవాడా, అన్నీ అడిగింది. నాకు తెలియనివి "తెలియదు, కనుక్కుంట" అన్నాను. ఆ మాట అనడం నాకు కొత్త. చివరికి ఎంచుకున్నది థాయ్‌లాండ్, దాన్ని ఆనుకొని నది అవతల ఉన్న లావోస్. పోయేటప్పుడు హైదరాబాద్‌లో ఒక తనిఖీ, వచ్చేటప్పుడు బ్యాంకాక్‌లో ఒకటి. మధ్యలో నది మీది వంతెనను బస్సులోనే దాటడం. పద్నాలుగు మంది గుంపు. అది నేను తీసుకుపోయిన ఆఖరి టూరు.

నీళ్ల మీది అంగడిలో పొద్దంతా ఉన్నాం. ఆమె పడవలో ముందు కూర్చొని, ఎదురుపడ్డ ప్రతి పడవనూ తొంగిచూసింది. చాలాసేపటికి నా వైపు తిరిగి పకపకా నవ్వింది.

"తక్కెడ లేనే లేదు! అన్ని కుప్పలు పోసి అమ్ముతున్నరు, మా లెక్కనే."

తిరుగు ప్రయాణానికి నాలుగు గంటల ముందే విమానాశ్రయం చేరుకున్నాం. అక్కడి మా గైడుతో థాయ్ భాషలో ఒక కాగితం రాయించి పెట్టుకున్నాను. ఇది ఈమె దేవుడు, చూపిస్తుంది, తీయదు, దయచేసి మహిళా అధికారి విడిగా చూడాలి, అని. ఈసారి నేను ద్వారం దాటి ముందుకు పోలేదు. ఆమె పక్కనే నిలబడి కాగితం ఇచ్చాను. గుంపును ఆగమన్నాను. ఆగారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుండే ఒక మహిళా అధికారి కాగితం రెండుసార్లు చదివి, బసమ్మక్కను పక్కనున్న గదిలోకి తీసుకుపోయింది. తలుపు మూసుకుంది. నేను బయట నిలబడ్డాను. నాలుగు నిమిషాలు.

తలుపు తెరుచుకొని బసమ్మక్క బయటికి వచ్చింది. కొంగు సర్దుకుంటూ నా దగ్గరికి నడిచింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఏమైంది అక్కా? ఏమన్న అన్నదా?"

"ఏమనలే. నేను చెప్పలే కూడ. కాయ తెరవంగనే ఆ పిల్ల ఎన్కకు జరిగి బూట్లు ఇడిసింది. చేతులు జోడించి నిలబడ్డది. నేను మూసినంకనే మళ్ల తొడుక్కున్నది."

అని గేటు వైపు నడిచింది. శాంతమ్మ, మిగతావాళ్లు ఆమె వెంట పోయారు. నేను కాసేపు అక్కడే ఆగిపోయాను. ఆ గది తనిఖీ ద్వారానికి పది అడుగుల దూరంలో ఉంది. తలుపు మీద ఆడమనిషి బొమ్మ పెద్దగా వేసి ఉంది. పోయినసారి కూడా అది అక్కడే ఉంది. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ముప్పై మందిని, నలభై మందిని ఆ తలుపు పక్క నుంచే "జల్దీ, జల్దీ" అంటూ నడిపించాను.